ఛానెల్ వదిలిన ఓడ

ఈ మాట గొంతులో ఇరుక్కుని ఏళ్లు గడిచాయి. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముత్తుకూరు దగ్గర రేవుకు వచ్చే ఓడల కోసం సముద్రం అడుగు తవ్వి దారి చేశారు. దాన్ని ఛానెల్ అంటారు. అందులో వల వేయకూడదు. మాకు తెలుసు. తవ్విన అంచుల వెంట చేప బాగా పడుతుందనీ తెలుసు. ఆ పొద్దున మంచులో నేను, మా బావ, బావ తమ్ముడు అక్కడే వల వేశాం. ఆ వలే మా ఇంజన్ పంకాకు చుట్టుకుంది. పడవ కదల్లేదు.

అప్పుడు ఓడ వచ్చింది. బొగ్గు ఓడ. తలెత్తితే ఆకాశం లేదు, ఇనుమే ఉంది. వల కోస్తున్న మా బావ కత్తి వదిలేసి దణ్ణం పెట్టాడు. ఇక అయిపోయాం అనుకున్నాను. అంతలో ఆ కొండంత ఓడ మెల్లగా, చాలా మెల్లగా పక్కకు తిరిగింది. మమ్మల్ని దాటిపోయి బురదలో కూరుకుపోయింది. దాని అల మా పడవను ఎత్తి కుదేసింది, అంతే. మిగిలిన వల కోసుకుని పారిపోయి వచ్చాం.

విచారణకని రేవు ఆఫీసరొకాయన మా ఊరి ఒడ్డుకు వచ్చాడు. వెంట ఆ ఓడ పైలట్ ఉన్నారు. బయటి నుంచి వచ్చే ఓడలోకి ఎక్కి, దాన్ని రేవులోకి నడిపించే మనిషన్నమాట. ఆయనది మన ప్రాంతమే, మాట వింటే తెలుస్తుంది. మంచులో పడవను చూసింది తనొక్కరేనట. ఆ మాట ఎవరూ నమ్మడం లేదట.

"ఆ పొద్దు మేం వేటకే పోలేదు సార్," అన్నాను. నిజం చెబితే పడవ పట్టుకుపోతారని భయం.

పైలట్ నన్నే చూశారు. "అది కాదబ్బాయ్. ఆ పడవలో ముగ్గురుండారు. వాళ్లు ఒడ్డుకు చేరినారా? అదొక్కటి చెప్పు."

"మాకేం తెలుసు సార్? అది మా ఊరి పడవ కాదు."

ఆయన తలూపి వెళ్లిపోయారు. ఉద్యోగం పోయిందని తర్వాత విన్నాను.

ఇప్పుడు నేను అదే రేవులో, ఓడలను నెట్టే టగ్గు మీద తాళ్లు కట్టే పని చేస్తున్నాను. ఇక్కడికొచ్చాకే ఓడల మాటలన్నీ నేర్చుకున్నాను. ఓడ నీళ్లలో ఎంత లోతుకు మునిగి ఉందో దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అంత డ్రాఫ్ట్ ఉన్న నిండు ఓడకు ఛానెల్ తప్ప వేరే దారి లేదు. "ఫుల్ ఆస్టర్న్" అని ఇంజన్ వెనక్కి తిప్పించినా అది వెంటనే ఆగదు. అంటే చుక్కాని తిప్పమన్నప్పుడే ఆయనకు తెలుసు, ఓడ బురదలో పడుతుందని, తన పేరు దాంతోపాటే పోతుందని. తెలిసీ తిప్పించారు. ఎవరి కోసం? దొంగచాటుగా వల వేసిన, ముక్కూ మొహం తెలియని ముగ్గురి కోసం. ఇవాళ్టికీ నిండు ఓడ లోపలికొస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అంత బరువును ఒక మనిషి మాట తిప్పింది!

మొదటి అబద్ధం భయంతో ఆడానని సరిపెట్టుకోగలను. మరి రెండోది? ఆయన అడిగింది మేం బతికామా అనే కదా. తలూపితే చాలు కదా. ఎందుకు ఊపలేదు? ఇన్నేళ్లూ ఆయన ఏమనుకుంటూ ఉంటారు? మమ్మల్ని ఓడ కింద తొక్కేశాననా?

ఆయన ఎక్కడున్నారో తెలియదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇది మాత్రం చెప్పాలి.

సార్, ఆ పడవ మాదే. ముగ్గురం బతికే ఉన్నాం.