రెండు గుప్పెళ్ళ గోధుమలు

ముప్పయ్యొక్క ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వండిన మనిషి సువర్ణమ్మ. పూటకి నూట ఇరవై కంచాలు. తన చేతి కూడు తిని ఒక్క పిల్లయినా కడుపు పట్టుకోలేదని ఆమె గర్వం. గర్వమంటే ఒప్పుకోదు, దేవుడి దయ అంటుంది. కాని ఆ దయ గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలు కంటే కొంచెం పైకి లేస్తుంది.

ఉద్యోగం మానేశాక నర్సీపట్నంలో కొడుకింట్లోనే ఉంటోంది. కొడుకు క్రిస్టఫర్‌కి విశాఖలో పని, వారానికోసారి వస్తాడు. కోడలు బేబి ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో నర్సు. పగలంతా ఇంట్లో మిగిలేది సువర్ణమ్మా, స్కూలు లేని రోజుల్లో మనవరాలు జెన్నీ.

జెన్నీకి ఎనిమిది నిండబోతున్నాయి. రెండేళ్ళుగా పిల్ల ఒంటికి ఏదీ పట్టలేదు. చేతులు పుల్లల్లా, పొట్ట మాత్రం ఉబ్బుగా, మేడ మెట్లెక్కితే ఆయాసం. నులిపురుగులన్నారు కొందరు. దిష్టన్నారు మరికొందరు. చర్చిలో ప్రార్థనలు చేయించారు. చివరికి నాలుగు నెలల కిందట విశాఖలో పెద్ద డాక్టరు పేగు పరీక్ష చేయించి సంగతి తేల్చాడు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుందట, అది ఈ పిల్ల పేగుకి పడదట. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ అన్నీ జన్మంతా మానాల్సిందే.

"చిటికెడు పడినా లోపల పేగు దెబ్బతింటుందమ్మా. పైకి కనిపించకపోవచ్చు కూడా" అన్నాడాయన.

ఆ మాట విని బేబి కాగితం మీద అన్నీ రాసుకుంది. సువర్ణమ్మ మాత్రం కుర్చీలో అలాగే ఉండిపోయింది. పిల్లకి బలం రావాలని ఆ రెండేళ్ళూ పొద్దున్నే గోధుమ జావ కాచింది ఎవరు? పాలల్లో రొట్టె నానబెట్టి, ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని బతిమాలింది ఎవరు? ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పటి నుంచి ఆమెకి వంటింట్లో నిలకడ లేదు. కడిగిన గిన్నె మళ్ళీ కడుగుతుంది. మూత పెట్టిన డబ్బా మళ్ళీ తీసి చూస్తుంది.

ఆదివారం జెన్నీ పుట్టినరోజు. ఏటా బేకరీ నుంచి కేకు తెచ్చేవారు.

"ఈసారి కేకు వద్దు మామ్మా. నాను కోస్తే అందరూ తింటారు. నాను సూస్తా కూకోవాల" అంది జెన్నీ.

"అయితే సాక్లెట్ పుడ్డింగ్ సేస్తాను. దాన్ని కొయ్యక్కర్నేదు, స్పూన్‌తో తినీడమే."

"అందులో మైదా ఉండదా?"

"ఉండదే అమ్మా. మీ మామ్మ సేత్తో సేస్తాది కదా!"

హాస్టల్లో క్రిస్మస్‌కి ఈ పుడ్డింగ్ చేసేది సువర్ణమ్మ. అప్పట్లో వెన్నలో మైదా వేయించి పాలు పోస్తే చిక్కబడేది. ఇప్పుడు ఆ చిక్కదనం బియ్యప్పిండి ఇవ్వాలి. దుకాణం నుంచి పిండి ప్యాకెట్ తెస్తే బేబి దాన్ని తిప్పి, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చదివింది.

"గోధుమ కూడా ఆడే ఫ్యాక్టరీలో సేసేరంట అత్తయ్యా. ఇది మనకొద్దు."

శుక్రవారం సువర్ణమ్మ శేరు బియ్యం కడిగి, నీడన ఆరబోసి, కొత్త గుడ్డలో మూట కట్టింది. శనివారం పొద్దున్నే పిండి మరకి వెళ్ళింది.

మర గణేశ్వరరావుది. ఆయన కూతుళ్ళిద్దరూ సువర్ణమ్మ హాస్టల్లో తిని చదువుకున్నవాళ్ళే. అక్కడ గోధుమకి ఒక మర, బియ్యానికి ఒక మర వేర్వేరుగా ఉంటాయి. అందుకే ఆమె ధైర్యం చేసింది. బియ్యం మర దగ్గర గొలుగొండ వైపు నుంచి వచ్చిన లోవమ్మ అప్పుడే శనగపప్పు ఆడించుకుని పిండి ఎత్తుకుంటోంది. పచ్చి శనగ వాసన గుప్పుమంది.

"గణేశ్వర్రావుగారూ, ఈ వాసన నా పిండికి రాకూడదు సుమండీ. పసిపిల్లకి" అంది సువర్ణమ్మ.

లోవమ్మ ఊరుకునే రకం కాదు. "అబ్బో, మీ పిండికి వాసన తగలకూడదేటి? అయితే దానికీ ఒక గొడుగు పట్టించండి."

"మీ బజ్జీలకి గొడుగు పట్టుకోండి మీరు. మా పిల్లకి మాత్రం శుభ్రంగా ఉండాల."

"మా శనగపిండి అశుభ్రవా? ఇన్నారా రావుగారూ!"

గణేశ్వరరావు నవ్వి ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మగోరు మా పిల్లలకి అన్నం పెట్టిన మనిషి. ఆరికి మర కడిగి ఇస్తాను." పక్కనున్న రేకు డబ్బాలో చెయ్యి పెట్టి రెండు గుప్పెళ్ళ గోధుమలు తీసి మర నోట్లో పోశాడు. రాయికి పట్టిన పిండిని గోధుమ గింజ లాక్కుపోయినట్టు ఇంకేదీ లాగలేదని ఆయన నమ్మకం. మర్యాద చెయ్యాలనుకున్న వాళ్ళకే ఆ పని చేస్తాడు. అలా వచ్చిన పిండిని గేదె దాణాలోకి వేరే బొక్కెనలో పట్టాడు. ఆ తర్వాతే ఆమె బియ్యం పోశాడు.

సువర్ణమ్మ అంతా చూస్తూనే ఉంది. చూసి, లోవమ్మ వైపు కాస్త గడ్డం ఎత్తింది కూడా. హాస్టల్ రోజుల్లో తను వచ్చినప్పుడల్లా గణేశ్వరరావు ఇలాగే చేసేవాడు. అది తనకి దక్కే గౌరవం. ఆ గుప్పెట్లో ఉన్నది ఏమిటో ఆ క్షణాన ఆమె కళ్ళు చూశాయి గాని మనసు చూడలేదు.

పదకొండింటికి పొయ్యి వెలిగించింది. ముందు ఒక లీటరు పాలతో చేసి చూసి, రుచి కుదిరితే రేపు అందరికీ చేద్దామని. చల్లటి పాలల్లో బియ్యప్పిండి, కోకో పొడి, పంచదార, చిటికెడు ఉప్పు వేసి ఉండ లేకుండా కలిపింది. మిగతా పాలు మరిగాక అది సన్నగా ధార కట్టి పోస్తూ, అడుగు గరిటెతో తిప్పుతూనే ఉంది. తిప్పడం ఆపితే అడుగంటుతుంది. జెన్నీ గట్టు పక్కన స్టూలు వేసుకుని నిలబడింది.

"అయిపోయిందా?"

"అవనేదు."

"ఇప్పుడు?"

"నీ నోరు మూసుకుంటే బేగి అవుతాది."

గరిటె ఎత్తితే దాని మీద గోధుమరంగు పూత నిలిచింది. వేలితో గీత గీస్తే గీత అలాగే ఉండిపోయింది. స్టీలు గ్లాసుల్లోకి పోసి పక్కన పెట్టి, గిన్నె చల్లారాక జెన్నీకి ఇచ్చింది. పిల్ల గిన్నెలో తలకాయంతా పెట్టి గీకి గీకి తింది. ముక్కు మీద, గడ్డం మీద చాక్లెట్టు. నాలుగు నెలల్లో ఆ పిల్ల ముఖం అంత వెలగడం చూడలేదు సువర్ణమ్మ.

"సూపరు మామ్మా!" అని పెరట్లోకి పరిగెత్తింది.

మిగిలిన పిండిని డబ్బాలోకి జల్లిద్దామని సువర్ణమ్మ జల్లెడ తీసింది. పిండి కిందికి రాలింది. జల్లెడలో మాత్రం ఎర్రటి పొట్టు మిగిలింది, ఒక చిటికెడు. తెల్లబియ్యానికి ఎర్ర పొట్టు ఎక్కడిది? వేలి మీదికి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. అప్పుడు కనిపించింది గణేశ్వరరావు చెయ్యి, రేకు డబ్బా, ఆ గుప్పెడు.

పెరట్లోకి వెళ్ళింది. జెన్నీ తాడాట ఆడుతోంది. లోపలికి వచ్చింది. గ్లాసుల మీద మూతలు పెట్టింది, తీసింది. మళ్ళీ పెరట్లోకి వెళ్ళింది.

"జెన్నీ, కడుపులో ఏటైనా ఉన్నాదా?"

"పుడ్డింగ్ ఉన్నాది" అని నవ్వింది పిల్ల.

బేబి డ్యూటీ దిగి నాలుగింటికి వస్తుంది. ఇంకా మూడు గంటలుంది. చెప్పకపోతే ఏమవుతుంది? గ్లాసుల్లోది మురుగులో పోసి, మాడిపోయిందంటే సరిపోతుంది. పిల్లకి నొప్పి వస్తే ఎండలో ఆడిందనొచ్చు. ఇంత బాగా అల్లుకొచ్చిన అబద్ధం చూసి సువర్ణమ్మకి తన మీద తనకే భయం వేసింది. బైబిలు తీసి ఒక పేజీ మూడుసార్లు చదివింది, ఒక్క ముక్కా లోపలికి పోలేదు. బియ్యం డబ్బా దించి ఎక్కించింది. వీధి గుమ్మం దాకా వెళ్ళి రోడ్డు చూసింది. రోలుగుంట వైపు ఆటోలు పోతున్నాయి. లోపలికి వచ్చి గడియారం చూస్తే నాలుగు నిమిషాలు గడిచాయి.

నాలుగు కాగానే బేబి చెప్పులు విడిచింది. ఆమె బ్యాగు కింద పెట్టకముందే సువర్ణమ్మ అంతా చెప్పేసింది. మర, శనగ వాసన, రెండు గుప్పెళ్ళు, జల్లెడలో పొట్టు. గడ్డం ఎత్తిన సంగతి కూడా దాచలేదు.

"ఎంత తిన్నాది?"

"గిన్నె మొత్తం గీకీసింది."

బేబి ముఖం ఎర్రబడింది. "మర అంటే అన్నీ ఆడతారు కదా అత్తయ్యా! నన్నొక్క మాట అడగొచ్చు కదా!"

"నువ్వు ప్యాకెట్ వద్దన్నావు. నాను సొంతంగా ఆడిస్తే మంచిదనుకున్నాను."

"నాలుగు నెలల్నుంచి గరిటెలు కూడా వేరే పెట్టి సాకుతున్నాం. ఇప్పుడు రక్తం కాస్త పెరిగింది..." అంది బేబి. 

తలుపు చాటు నుంచి జెన్నీ వచ్చింది. చేతిలో తాడు ఇంకా అలాగే ఉంది.

"మామ్మని తిట్టకు మమ్మీ. నాకు నొప్పి రానేదు." ఆ వెంటనే సువర్ణమ్మ చెయ్యి పట్టుకుని, "వొచ్చినా సెప్పనులే మామ్మా" అంది.

సువర్ణమ్మ నేల మీద చతికిలబడి పిల్లని తన ఎదురుగా నిలబెట్టుకుంది.

"సెప్పవా? ఇదివరకెప్పుడైనా ఇలాగే సెప్పకుండా ఉన్నావేటి?"

జెన్నీ కాలి బొటనవేలితో గచ్చు మీద రాసింది. "జావ తాగినప్పుడు."

"ఎన్నిసార్లు?"

"శానాసార్లు. నువ్వు బాగుందా బాగుందా అనేదానివి కదా. బాగా నేదంటే నీకు ఏడుపొస్తాదని."

సువర్ణమ్మకి హాస్టల్ బల్లలు గుర్తొచ్చాయి, వరసగా వంచిన తలలు. కంచాల మధ్య నడుస్తూ తను అడిగే మాట కూడా అదే. బాగుందా? బాగుందండీ, అనేవారు నూట ఇరవై మందీ.

"ఇటు సూడు. మామ్మ ఏడిస్తే ఏడుస్తాది. తరవాత మొకం కడుక్కుంటాది. నీకు నొప్పొస్తే మాత్రం ఆ నిమిషాన నాతో సెప్పాల. ఎవరు సేసింది తిన్నా సరే."

"నువ్వు సేసింది తిన్నా?"

"నాను సేసింది తింటే ముందు సెప్పాల."

బేబి గ్లాసులు ఒక్కొక్కటీ తీసుకెళ్ళి మురుగులో వంపింది. పిండి డబ్బా పక్క వాటా సోమలమ్మకి ఇచ్చేసి వచ్చింది. తర్వాత అత్తగారి పక్కన కూర్చుని, బియ్యం నానబెట్టి కొత్త మిక్సీ జారులో తడిపిండి రుబ్బుకుంటే మరతో పని లేదు కదా అంది. సువర్ణమ్మ తలూపింది.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి సువర్ణమ్మ నానిన బియ్యం రుబ్బుతోంది. చర్చికి వెళ్ళే లోపు పుడ్డింగ్ కాచి ఫ్రిజ్‌లో పెట్టాలి. మిక్సీ చప్పుడులో వెనకాల ఎవరో నైటీ అంచు పట్టుకుని లాగినట్టయింది.

జెన్నీ నిద్రకళ్ళతో, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకుని నిలబడి ఉంది. 

"మామ్మా, నొప్పిగా ఉన్నాది."

సువర్ణమ్మ మిక్సీ ఆపింది. చేతికంటిన పిండి కడుక్కుని వంగింది.

"ఎక్కడ?"

"ఇక్కడ. రాత్రి నేదు. ఇప్పుడే వొచ్చింది. జావ తాగినప్పటంత నేదు, సగం."

"పొడిసినట్టున్నాదా, తిప్పినట్టున్నాదా?"

పిల్ల కాస్త ఆలోచించింది. "తిప్పినట్టు."

"బేబీ!" అని కోడల్ని కేకేసింది సువర్ణమ్మ. ఆ కేకకి బేబి జడ సగం అల్లుకుని పరిగెత్తుకొచ్చి ఫోనందుకుంది. అవతల డాక్టరు దొరికే లోపు సువర్ణమ్మ గచ్చు మీద కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. ఆ చిన్న పొట్ట మీద అరచెయ్యి వేసింది. లోపల ఏదో గుడగుడమని కదులుతోంది.

"ఇప్పుడెలాగున్నాది?"

"ఉన్నాది ఇంకా" అంది జెన్నీ.

సువర్ణమ్మ చెయ్యి తియ్యలేదు. ఇంకో నిమిషం ఆగి మళ్ళీ అడిగింది.