స్వయంగా పెంచిన బెండ మొక్క కోసం కడియపులంక ప్రయాణం

మా అమ్మాయి హాసిని రెండో తరగతి. పిల్లలకి మట్టితో అనుబంధం పెంచాలని వాళ్ళ స్కూలువాళ్ళు తలా నాలుగు బెండ గింజలిచ్చారు. స్వయంగా పెంచిన మొక్కను సోమవారం తెచ్చి స్కూలు తోటలో నాటాలి. మట్టిలో పురుగులుంటాయి, తడిలో దోమలుంటాయి కాబట్టి ఆ అనుబంధమేదో నేనే పెంచుకున్నాను. గ్లవుజులు తొడుక్కుని గింజలు పెట్టి, ఎండిపోతాయన్న భయంతో పూటపూటా నీళ్ళు పోశాను. అవి కుళ్ళిపోయాయి. సోమవారం అందరూ మొక్కలతో నిలబడితే నా కూతురు ఉత్త చేతులతో నిలబడుతుంది. ఆ ఊహకే నాకు అన్నం సహించలేదు.

అందుకని ఆదివారం ఉదయం ఆరున్నరకి భీమవరంలో రావులపాలెం బస్సెక్కాం. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి టికెట్టుకి ఆధార్ కార్డు చాలు. సీటు మాత్రం ఎవరి ప్రతాపాన్ని బట్టి వారికి. పక్కసీటు పెద్దావిడ ఎక్కడికని అడిగింది.

"కడియపులంకండి. స్కూల్లో పాపని మొక్క పెంచమన్నారు."

"పెంచమంటే కొనడానికెళ్తున్నారామ్మా?"

ఆవిడ గొంతులో వెటకారం లేదు. అదే బాధ.

రావులపాలెంలో దిగి, అరటి గెలల లారీల మధ్య నుంచి హాసినిని లాక్కెళ్ళి ఇడ్లీ తినిపించాను. చట్నీ మీద నమ్మకం లేక వద్దన్నాను. ఎనిమిదిన్నరకి రాజమండ్రి బస్సు దొరికింది. వంతెన మీద అందరూ గోదావరిని చూశారు. హాసిని చెయ్యి బయట పెడుతుందేమోనని నేను హాసినిని చూశాను.

కడియపులంకలో హైవే పక్కనే దిగొచ్చు. అటూ ఇటూ నర్సరీలే. ఒకదాంట్లోకి వెళ్ళి బెండ మొక్క అడగ్గానే యజమాని నవ్వాడు.

"స్కూలు ప్రాజెక్టాండి? పూతున్నదివ్వమంటారా, కాయున్నదా?"

"కాయున్నదే ఇవ్వండి."

"ఏ క్లాసండి?"

"రెండు."

"అయితే పూత చాలండి. కాయుంటే మేడమ్ గారికి అనుమానం వచ్చేస్తదండి."

అంతలో బంతి మొక్కల వెనక నుంచి హాసిని క్లాసులోని కార్తీక్ వాళ్ళమ్మ లేచింది. చేతిలో బెండ మొక్క. "బాల్కనీకండి" అంది. "మాకూ బాల్కనీకేనండి" అన్నాను. ఇద్దరం బాల్కనీల గురించి చాలా శ్రద్ధగా మాట్లాడుకున్నాం.

తిరిగి చూస్తే హాసిని లేదు. కుండీల వరసలన్నీ వెతుక్కుంటూ పరుగెత్తాను. షెడ్డు కింద నల్ల ప్లాస్టిక్ కవర్లలో మట్టి నింపుతున్న ఆడవాళ్ళ మధ్య, మోచేతుల దాకా మట్టితో కూర్చుని ఉంది. వాళ్ళిచ్చిన బెండ గింజల్ని ఒక కవర్లో తనే గుచ్చిందట.

"లే, పురుగులుంటాయి."

"ఉన్నాయమ్మా. ఒకటి మెత్తగా ఉంది" అంది సంతోషంగా. "రేపు ఇదే తీసుకెళ్తా."

"అందులో మట్టి తప్ప ఏముందే?"

"గింజలున్నాయి. నేనే పెట్టా."

"మేడమ్ మొక్కేదంటే?"

"ఇంకా రాలేదని చెప్తా."

"అందరూ నవ్వితే?"

చేతుల మట్టి గౌనుకి తుడుచుకుంది. "అప్పుడు ముందువాటిని నువ్వు నీళ్ళు పోసి చంపేశావని చెప్తా."

పూతున్న మొక్కను కూడా కొన్నాను. నా బిడ్డ పరువు కోసమో, నా పరువు కోసమో అప్పటికి తేలలేదు.

తిరుగు ప్రయాణంలో హాసిని ఒళ్ళో మట్టి కవరు, నా ఒళ్ళో పూతతో బెండ మొక్క. మధ్యాహ్నపు బస్సులో కండక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏంటమ్మా ఆ కవర్లో?"

"నా బెండ మొక్కండి. లోపలుంది."

"మరి అది?"

"అది అమ్మదండి. అమ్మకి మొలవలేదు. అందుకని కొనుక్కుంది."

కండక్టరు నన్ను ఓదార్పుగా చూసి టికెట్టిచ్చాడు.

మొత్తం మీద కడియపులంక ఒక్కపూటలో వెళ్ళి రాదగ్గ ఊరు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళకపోతే ప్రాజెక్టు సక్రమంగా పూర్తవుతుంది. మాది కాలేదు. రేపు స్కూలుకి మట్టి కవరే వెళ్తుంది. నా మొక్క ఇంట్లో ఉంటుంది. దానికి నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో హాసినిని అడిగి పోస్తాను.