రైలెక్కని వాళ్ళను వెతికిన మనిషి

ఈ ఉదయం మదనపల్లె రోడ్డు స్టేషన్‌లో దిగగానే, బ్రేకుల దగ్గర కాలిన ఇనుము వాసన గుప్పున తగిలింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు చౌడప్ప గారు గుర్తొస్తారు. తొంభైల్లో నేను రైల్వేలో కొత్తగా గుమాస్తాగా చేరినప్పుడు ఆయన మా ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మద్రాసు దాకా నేరుగా బండి పోలేని మా సన్నపట్టాల మీటర్ గేజి లైనును, వెడల్పు పట్టాల బ్రాడ్ గేజిగా మార్చడానికి పెట్టుబడి పెట్టవచ్చా, లేక మూసేయడమే మేలా అని తేల్చే పని ఆయన మీద పడింది. పెట్టెలు సగం ఖాళీగా తిరుగుతున్నాయి కాబట్టి పెట్టుబడి దండగ అంటూ పై ఆఫీసులో నివేదిక ముందే టైపు చేసి, సంతకానికి పంపారు.

ఆయన సంతకం పెట్టలేదు. కాగితం నా బల్ల మీద పెట్టి, "దీంట్లో ఎక్కినోళ్ళ సంగతి ఉండాది. ఎక్కనోళ్ళ సంగతి యాడుందమ్మా?" అన్నారు.

"వాళ్ళను ఎక్కడని వెతుకుతాం సార్?"

"వాళ్ళు పొయ్యే సోటికే మనమూ పోదాం."

మూడు వారాలు పుంగనూరు బస్టాండు, మదనపల్లె టమాటా మండీ తిరిగి, చివరికి కుప్పం చేరాం. అక్కడ ఎప్పటినుంచో బ్రాడ్ గేజి ఉంది. పుంగనూరు బస్సు దిగి మద్రాసు రైలు కోసం మూటలతో పరిగెత్తే జనాన్ని చూసి నేను ఆశ్చర్యపోయాను. వాళ్ళకు కుప్పం కన్నా మా మదనపల్లె రోడ్డు స్టేషనే దగ్గర. ఇంతలో నివేదిక ఏమైందని పై ఆఫీసు అధికారి ఫోన్‌లో మండిపడితే, చౌడప్ప గారు తొణక్కుండా, "ఒక్క పూట కుప్పం రండి సార్. ఆ తర్వాత నన్ను యాడికైనా బదిలీ చేయండి" అన్నారు.

అధికారి వచ్చారు. పుంగనూరు బస్సు దిగి, కాలికి కట్టుతో ఉన్న భర్తను భుజానికి ఆనించుకుని నిలబడిన ఒక రైతు ఇల్లాలిని, "మీ పుంగనూరుకు దగ్గర్లోనే రైలుందిగా, ఇంత దూరం ఎందుకొచ్చారమ్మా?" అని అడిగారు.

"ఆడెక్కితే పాకాలలో దిగి ఇంకో బండెక్కల్ల సామీ. ఈయప్పను రెండుసార్లు ఎక్కించి దించేదానికి నాకు శాతనైతాదా? నేరుగా పొయ్యే బండి ఉంటే ఈడికి యాల వస్తాము?"

అధికారి రైలు రాగానే ఆమె భర్తను తానే ఒక చెయ్యి పట్టి ఎక్కించారు. తర్వాత చౌడప్ప గారి వైపు తిరిగి, "నివేదిక మీరే రాయండి" అన్నారు. రాశాం. ఆ ఇల్లాలి మాటలను ఒక్క అక్షరం మార్చకుండా మొదటి పేజీలోనే పెట్టించారు చౌడప్ప గారు.

మంజూరు రావడానికి, పాత పట్టాలు పీకి కొత్తవి వేయడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా ఆయన రిటైరయ్యారు. కొత్త లైను మీద తొలి రైలు వచ్చిన రోజు వేదిక మీదికి పిలుద్దామని వెతికితే, ఆయన టికెట్టు కొనుక్కుని పెట్టెలో జనం మధ్య ఇరుక్కుని ఉన్నారు. ఆ మూలనుంచే, "ఆ వేదిక మీద ఏముందమ్మా? ఈడ సూడు, నిలబడేదానికి సోటు లేదు!" అని కేకేశారు. నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. సీటు దొరకనందుకు అంత గర్వంగా నవ్విన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు ఆయన చేసిన ఉద్యోగంలో నేనున్నాను. జనం రావడం లేదు, ఫలానా చిన్న హాల్టు స్టేషను మూసేయండి అంటూ మొన్న ఒక ఫైలు వచ్చింది. దాన్ని సంచిలో పెట్టుకుని, స్టేషన్ బయటికి వచ్చి, ఆ హాల్టు వైపు పోయే ఆటోల కోసం నిలబడిన ఆడవాళ్ళ దగ్గరికి నడిచాను.