డాక్టరుగారు చెప్పని రాయి

దయ్యాలనీ ఆత్మలనీ నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న సోంపేటలో అర్చకుడు కాబట్టి నాకు ఇలాంటి నమ్మకాలు ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి తాయెత్తు కట్టమని ఇంటికొచ్చేవాళ్లని "ముందు డాక్టరుకి చూపించుకోండి" అని పంపేసేది ఆయనే. ఆ ఇంట్లో పెరిగినదాన్ని.

పలాసలో ఒక స్కానింగ్ సెంటర్లో పదకొండేళ్లుగా రిపోర్టులు టైపు చేస్తున్నాను. డాక్టరుగారు రోగి పొట్ట మీద ప్రోబ్ కదుపుతూ, తెర మీద కనిపించింది కనిపించినట్టు ఇంగ్లిషులో చెప్పుకుంటూ పోతారు. అదే గదిలో, కర్టెన్‌కి ఇవతల కూర్చుని నేను కొట్టుకుంటూ పోతాను. విన్నదే కొడతాను. సొంతంగా ఒక్క మాట చేర్చను. ఈ పనిలో నాకున్న గర్వం అదొక్కటే.

కిందటేడు ఎండాకాలంలో ఒకరోజు పొద్దున, కవిటి దగ్గర పల్లె నుంచి లోకనాథం అనే కొబ్బరి రైతు వచ్చాడు. వయసు యాభై దాటి ఉంటుంది. వెంట భార్య నీలమ్మ. ఊళ్లో రక్తపరీక్ష చేస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా వచ్చిందట. ఊరూరా కిడ్నీలు పాడై జనం పోయే మా ఉద్దానంలో ఆ మాట చెవిన పడితే చాలు, మనిషి సగం చచ్చిపోతాడు. లోకనాథం అన్న కూడా కిడ్నీ జబ్బుతోనే పోయాడు.

పేరు రాసుకుంటుంటే నీలమ్మ నాతో చెప్పింది. "రానంటే రానన్నాడమ్మా. అదే జబ్బయితే తెలుసుకుని ఏటి సేత్తాం అంటాడు. ఆటో ఎక్కించీసరికి నా పేణం పోయింది."

ఆయన మాత్రం కాయితాల కవరు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

స్కానింగ్ మామూలుగానే జరిగింది. కుడి కిడ్నీలో అయిదు మిల్లీమీటర్ల రాయి ఉందనీ, అడ్డేమీ లేదనీ డాక్టరుగారు చెప్పారు. కొట్టాను. తర్వాత ఎడమ కిడ్నీ మామూలుగా ఉందన్నారు. ఆ పైన ఒక వాక్యం వినిపించింది. కిడ్నీ నుంచి మూత్రం కిందికి దిగే ఎడమ మూత్రనాళం మధ్య భాగంలో తొమ్మిది మిల్లీమీటర్ల రాయి అని. రోజూ వినే ఇంగ్లిషులోనే, రోజూ వినే డాక్టరుగారి గొంతులాగే ఉంది. అదీ కొట్టాను.

ప్రింటు తీసి సంతకానికి ఇస్తే డాక్టరుగారు కాగితం మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"ఉమా, ఈ లైను ఎక్కడిది? నేను చెప్పలేదే."

చెప్పారన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఆ చోటు ఈ స్కానులో కనపడదమ్మా. పేగుల్లో గాలి అడ్డొస్తుంది. కనపడనిదాన్ని కొలిచి మరీ ఎలా చెప్తాను? పాత రిపోర్టులోది కలిసిపోయుంటుంది. తీసేయండి."

అవమానంగా అనిపించినా, నా సీట్లో కూర్చుని ఆ వాక్యాన్ని చెరిపేయబోయాను. అప్పుడు కర్టెన్ వెనక చొక్కా తొడుక్కుంటున్న లోకనాథం నోరు విప్పాడు.

"తీసేత్తారేటి బాబూ? ఎడమేపు గొట్టంలో రాయి అడ్డం పడిందని ఇందాకే సెప్పారు కదా. నాను ఇన్నాను."

డాక్టరుగారు కర్టెన్ పక్కకి లాగారు. "ఏ భాషలో చెప్పాను?"

"మన మాటే బాబూ. ఇంగిలీసు నాకేటి తెలుత్తాది?"

నేను విన్నది ఇంగ్లిషు. ఆయన విన్నది మా వైపు తెలుగు. గదిలో ఉన్నది ముగ్గురం. తలుపు బయటే కూర్చున్న నీలమ్మకి ఏమీ వినపడలేదు.

డాక్టరుగారు ప్రోబ్ చేతిలోకి తీసుకుని, "మళ్లీ పడుకో లోకనాథం" అన్నారు. ఈసారి ఎడమ కిడ్నీ మీదే చాలాసేపు చూశారు. రాయి కనపడలేదు కానీ, కిడ్నీ కొద్దిగా ఉబ్బి ఉందనీ మొదట తన దృష్టికి రాలేదనీ ఒప్పుకున్నారు. మూత్రం ఎక్కడో ఆగుతోందన్న అనుమానంతో, రంగుమందు ఎక్కించకుండా తీసే సీటీ స్కాన్‌కి శ్రీకాకుళం రాసిచ్చారు.

రెండు రోజుల తర్వాత వాళ్లు ఆ ఫలితంతో వచ్చారు. ఎడమ మూత్రనాళం, మధ్య భాగం, తొమ్మిది మిల్లీమీటర్లు.

డాక్టరుగారు దాన్ని రెండుసార్లు చదివి, లోకనాథాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు. "నువ్వు భయపడుతున్న జబ్బులా లేదు ఇది. ఎడమ కిడ్నీ దారిని రాయి మూసేసింది. నొప్పి లేకపోవడంతో నీకు తెలియలేదు. వదిలేస్తే ఆ కిడ్నీ పోతుంది. రాయి తీసేస్తే కోలుకోవడానికి అవకాశం ఉంది."

"అయితే అది కాదా బాబూ?" అని అడిగాడు. కాదనే అనుకుంటున్నానన్నారు డాక్టరుగారు. లోకనాథం బయటికెళ్లి బల్ల మీద కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నీలమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

విశాఖలో వైద్యం జరిగింది. కోత లేకుండా, మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి లేజర్‌తో రాయిని ముక్కలు చేశారు. మూత్రం సాఫీగా దిగడానికి లోపల పెట్టిన స్టెంటు గొట్టాన్ని కొన్ని వారాల తర్వాత తీసేశారు. క్రియాటినిన్ మామూలుకి వచ్చింది. కుడి వైపు రాయికి మాత్రం నీళ్లు బాగా తాగుతూ, అప్పుడప్పుడూ చూపించుకుంటూ ఉండమన్నారు.

ఈలోగా నేను చేయాల్సిన తనిఖీ చేశాను. కంప్యూటర్లో పాత రిపోర్టులన్నీ వెతికాను. ఆ వాక్యం, ఆ కొలతతో, ఇంకెక్కడా లేదు. లోకనాథం అంతకుముందు స్కాన్ తీయించుకోలేదు. నా చెవులు పరీక్ష చేయించుకున్నాను, బాగానే ఉన్నాయి. పరధ్యానంగా కొట్టి ఉంటానని మా ఇంట్లో అంటారు. అయితే లోకనాథం విన్నదేమిటి?

మూడు నెలలకి ఆయన మళ్లీ స్కానింగ్‌కి వచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు. డాక్టరుగారు ప్రోబ్ ఎడమ వైపుకి తెచ్చి, ఒక క్షణం ఊరుకున్నారు. కర్టెన్ అవతల లోకనాథం కూడా ఊపిరి బిగబట్టాడని నాకు తెలిసింది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత ఎడమ కిడ్నీ మామూలుగా ఉందన్న మాట వినిపించింది.

పదకొండేళ్లలో మొదటిసారి, కొట్టబోయే ముందు అడిగాను. "ఇది మీరే అన్నారు కదా సార్?"

"నేనే" అన్నారాయన. నవ్వలేదు.

మొదటిసారి ఆ రాయి మాట అన్నది ఎవరో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.