మామకు పెట్టిన చేపల కూర

పవర్‌లూముల పనికి వలసొచ్చి భేస్తాన్‌లో మేం ఉంటున్న గదిలో అందరికంటే పెద్దవాడు మొన్న పోయాడు. లూమ్ ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. ఊరు జగిత్యాల దగ్గర. మాకు చుట్టమేమీ కాదు, అయినా అందరం మామా అనే పిలిచేవాళ్లం.

లాక్‌డౌన్‌లో లూములు ఆగిపోయి, గదిలో గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో మా పొయ్యి వెలిగిందంటే ఆయన వల్లే. తెల్లారకముందే సైకిల్ తీసి, పోలీసుల కళ్లుగప్పి, కాజ్‌వే వెనక తాపీ నది నీళ్లు నిలిచే రిజర్వాయర్‌కు వెళ్లేవాడు. గోధుమపిండి ముద్దలో కాస్త పసుపు కలిపి గాలానికి గుచ్చేవాడు. నేనూ అప్పుడప్పుడు వెంట వెళ్లేవాణ్ని. ఊరుకోలేక ముచ్చట్లు పెడితే కసిరేవాడు.

"జర నోరు మూస్తవా? గాలం ఏసినంక నీళ్ల దిక్కు సూడాలె, నా దిక్కు కాదు."

బుద్ధిగా నీళ్ల దిక్కే చూశాను. ఆయన దిక్కు నిజంగానే ఎన్నడూ చూడలేదు.

రవ్వలో జెల్లలో, దొరికిన చేపలు తెచ్చి, ఇంటి సేఠ్‌కు వాసన తగలకుండా మిద్దె మీద ఇటుకల పొయ్యిపై తనే వండేవాడు. మంచి ముక్కలన్నీ మా పళ్లాల్లో వేసి, "నేను గట్టు మీదనే కాల్చుకొని తిన్న. మీరు తినుండ్రి, సల్లారుతది" అనేవాడు. మేం నమ్మాం. నమ్మితే మాకే సుఖం కదా.

మళ్లీ కరోనా పెరగడంతో ఊరి నుంచి అత్త రాలేకపోయింది. మూడోనాటి పిట్టముట్టుడు మేమే చేశాం. పోయినవాళ్లకు ఇష్టమైంది పెట్టాలి, కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం. ఏం పెట్టాలా అని ఎవరం ఆలోచించనైనా లేదు. చేపల కూర వండి, అన్నం పప్పుతో పాటు ఆ రిజర్వాయర్ గట్టుకే తీసుకెళ్లాం. విస్తరిలో చేపలు వడ్డించి దూరంగా నిలబడ్డాం. కాకులు చెట్టు మీద అరుస్తున్నాయి తప్ప ఒక్కటీ దిగలేదు. ఎండెక్కింది. అత్తకు వీడియో కాల్ చేసి విస్తరి చూపించాను.

"గదేంది, చేపలు పెట్టిండ్రా?" అంది. "మీ మామకు చేప పడది కద బిడ్డా. ఒక్క ముక్క తిన్నా ఒళ్లంత దద్దుర్లే. ఇన్నేండ్లు ఒక్క కాడ ఉంటిరి, మీకెర్క లేదా?"

ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. మరి ఆ రోజుల్లో ఆయన ఏం తిన్నట్టు?

"ఏం ఇష్టం అత్తా మామకు?" అని అడిగాను.

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆయనకేం ఇష్టాలుంటయి బిడ్డా. ఎవలన్న పక్కన కూసొని పెడితే ఏదన్న తింటడు."

చేపల విస్తరి తీసేశాం. అన్నంలో పప్పు కలిపి, కొత్త విస్తరిలో ముద్ద పెట్టి, అక్కడే కూర్చుండిపోయాను.

"జరుగు అన్నా, మనిషుంటే కాకి రాదు" అని వెనక నుంచి పిలుస్తూనే ఉన్నారు. నేను లేవలేదు. ఆయనకు నేను అన్నం పెట్టడం అదే మొదటిసారి.