రాజనర్సు అడిగిన రెండు ప్రశ్నలు

కోరుట్ల బస్టాండు పక్కన ఉన్న షార్జా టీ పాయింట్ రాజనర్సుది. నిజం చెప్పాలంటే అక్కడ టీ గొప్పగా ఉండదు. మేం పోయేది ఆయన కబుర్ల కోసం. సిరిసిల్లలో మగ్గం వదిలి, షార్జా బేకరీలో ఏళ్లకేళ్లు పిండి పిసికి వచ్చిన మనిషి. అక్కడ ఆయన పక్కన రొట్టెలు కాల్చినవాడు యూసుఫ్ అనే పాలస్తీనావాడు. ఇప్పుడు వెస్ట్ బ్యాంకులో, నాబ్లస్ దగ్గర తన సొంతూళ్లో ఉంటున్నాడు. టీవీలో పాలస్తీనా పేరు వినపడితే చాలు, రాజనర్సు పాలగిన్నె వదిలేసి "మా యూసుఫ్" అని మొదలుపెట్టేవాడు. మేమంతా నోరు తెరుచుకుని వినేవాళ్లం.

ఆ వైభోగమంతా సామేలు రాకతో పోయింది. సామేలుది వెల్గటూర్. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఒక ముసలాయనకు సేవచేసే పనిచేసి, ఈ మధ్యే తిరిగొచ్చి, భార్య మంజుల ఊరని కోరుట్లలో ఇల్లు తీసుకున్నాడు. సైరన్ మోగితే ముసలాయనను ఎత్తుకొని బంకర్లోకి ఎట్లా ఉరికాడో చెప్తుంటే టీ చల్లారిపోయేది. బెంచీలన్నీ సామేలు వైపు తిరిగాయి. షార్జా ఇసుక సంగతి అడిగే దిక్కు లేదు. తన హోటల్లో, తన బెంచీ మీద, తన టీ తాగుతూ వాడు కథలు చెప్పడం రాజనర్సు ఓర్వలేకపోయాడు. కడుపుమంట దాచుకోవడం ఆయనకు చేతకాదు. సామేలు గ్లాసులో చక్కెర తగ్గించేవాడు. వాడు ఒక్కనాడూ అడగలేదు. అదింకా మండించింది.

ఒక సాయంత్రం టీవీలో సర్వే సంగతి వచ్చింది. పాలస్తీనావాళ్లను శాంతి కావాలా, పోరాటం కావాలా అని అడిగారట. చాలామంది ఆయుధాలే దిక్కన్నారని ఎర్రక్షరాల్లో వేశారు. అదే సర్వేలో మాట్లాడుకుందామన్నవాళ్లు కూడా ఉన్నారని చివర్లో గబగబా చదివేశారు.

"సూసిండ్రా, నేను జెప్తనే ఉన్న గద," అన్నాడు సామేలు. "వాళ్లకు తుపాకులే గావాలె."

"నువ్వు ఇజ్రాయెలోళ్లు కట్టిన గోడకు గీ దిక్కు ఉన్నవ్. నా దోస్తు గా దిక్కు ఉన్నడు," అన్నాడు రాజనర్సు. "మా యూసుఫ్ శాంతి తప్ప ఇంకోటి అనడు. ఆయనతోనే చెప్పిస్త సూడు."

"సర్వేలు నమ్ముతవా నర్సు?" అని నవ్వాడు మరమగ్గాల మీద పనిచేసి రిటైరైన ఆగయ్య. నవ్వడానికి కారణముంది. ఎన్నికల ముందు మూడు పార్టీల సర్వే పిల్లలు వస్తే రాజనర్సు ముగ్గురికీ "మా ఓటు మీకే" అన్నాడు. ముగ్గురికీ టీ అమ్ముకున్నాడు.

కానీ రాజనర్సు అప్పటికే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ఆయన పరువంతా ఆ ఫోన్లో ఉంది. యూసుఫ్ "నర్సూ" అని సంతోషంగా పలికాడు. వాళ్లిద్దరిదీ సగం హిందీ, సగం అరబ్బీ. బేకరీలో పుట్టిన భాష. మాకు కొంచెం కొంచెం అర్థమవుతుంది.

"యూసుఫ్ భాయ్, నీకు శాంతి కావాలా?"

"కావాలి. ఎవరికొద్దు?"

రాజనర్సు సామేలు వైపు చూసిన చూపు చూడాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అప్పుడే ఫోన్ పెట్టేస్తే అయిపోయేది. కానీ ఈర్ష్యకు గెలుపు చాలదు, ఎదుటివాడు ఓడిపోయినట్టు కూడా కనపడాలి.

"అంటే తుపాకీ వద్దు కదా?"

అవతల ఎవరో కుర్రగొంతు ఏదో అంది. యూసుఫ్ గొంతు మారింది.

"తుపాకీ కావాలి. వేరే దారేముంది?"

"ఇప్పుడే శాంతి అన్నావు కదా."

"రెండూ నేనే అన్నాను. నువ్వు రెండడిగావు."

రాజనర్సు మొహం మాడిపోయింది. సామేలు గెలిచాడు. వాడు నవ్వుతాడని మేమంతా చూశాం. వాడు నవ్వలేదు. ఫోన్ మీదికి వంగి, హైఫాలో నేర్చిన హీబ్రూలో ఏదో పలకరించాడు.

యూసుఫ్ కూడా మెల్లగా హీబ్రూలోనే జవాబిచ్చాడు. వయసులో ఉన్నప్పుడు ఇజ్రాయెల్‌లో ఇళ్లు కట్టే పనికి పోయేవాడట, ఆ భాష వచ్చు. ఆ సంగతి రాజనర్సుకు ఆరోజే తెలిసింది. ఆ తర్వాత ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో. రాజనర్సు తన ఫోన్ తనే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా. తన దోస్తు, తన ఫోన్, మాటలు మాత్రం సామేలువి.

ఫోన్ పెట్టేశాక సామేలు చెప్పాడు. "ఆయన పెండ్లానికి కిడ్నీలు పాడైనయట అన్నా. దవఖానకు పోవాల్నంటే ఇజ్రాయెల్ మిలిట్రీ గేటు దాటాలె. గేటు తెరిసిన్నాడు అడిగితే ఒకటి అంటడట, మూసిన్నాడు అడిగితే ఇంకోటి అంటడట. ఇయ్యాల మూసిండ్రు. పక్కన కొడుకున్నడు, ఉడికిపోతున్నడు."

"గిదంత నాకెందుకు చెప్పలే?" అన్నాడు రాజనర్సు.

"ఏమో అన్నా. నేను ఇంట్ల అందరు ఎట్లున్నరని అడిగిన, గంతే."

వెనక గదిలో బీడీలు చుడుతున్న రాజనర్సు భార్య రత్నమాల తలెత్తింది. "యూసుఫ్ పెండ్లాం పేరేంది?" అని భర్తను అడిగింది.

రాజనర్సుకు తెలియదు.

"అమల్ అంట వదినా," అన్నాడు సామేలు.

మర్నాడు రాజనర్సు ఒక్కడే ఫోన్ చేశాడట. యూసుఫ్ ఎత్తాడు. గేటు సంగతి అడుగుదామంటే ఇద్దరికీ తెలిసిన మాటలు పిండి, ఉప్పు, జీతం, జల్దీ, వార్తల్లో వచ్చే శాంతి, తుపాకీ. భార్య రోగం గురించి అడిగే మాట ఒక్కటీ ఆ బేకరీలో నేర్చుకోలేదు. ఊరికే "బాగున్నవా, బాగున్నవా" అని పెట్టేశాడు.

సాయంత్రం హోటల్ రత్నమాలకు అప్పజెప్పి, నన్ను తోడు రమ్మని, సామేలు ఇంటికి నడిచాడు. గడప దగ్గరే ఫోన్ చేతికిచ్చాడు. "అడుగు. గేటు తెరిసిండ్రా, అమల్ దవఖానకు పోయిందా?"

సామేలు అడిగాడు. అవతల యూసుఫ్ గలగలా మాట్లాడాడు. సామేలు నవ్వాడు. యూసుఫ్ కూడా నవ్వాడు. ఆ నవ్వులెందుకో మా ఇద్దరికీ తెలియదు. రాజనర్సు గోళ్లు కొరుక్కుంటూ "ఏమన్నడు, ఏమన్నడు" అని సామేలు భుజం కుదుపుతూనే ఉన్నాడు.

"తెరిసిండ్రట అన్నా. పోయొచ్చిందట."

తిరిగొచ్చేసరికి రత్నమాల టీ పోస్తూ ఉంది. భర్త మొహం చూసి కనిపెట్టేసింది.

"ఆమె మంచిగున్నదా? నీ పాణం నిమ్మలమైందా?"

"అయింది."

"అయితే సామేలు మీద మంట పోయినట్టేనా?"

"లేదు."

"గదేంది?"

"రెండడిగితివి గద," అన్నాడు రాజనర్సు. ఒక గ్లాసులో చక్కెర నిండుగా వేసి, సామేలు వస్తే ఇవ్వమని పక్కకు పెట్టాడు.