కుడిపైట పెద్దమ్మ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకొక గొప్ప నమ్మకం ఉండేది. జీతమిచ్చేవాడు మన పగటిపూటనే కొనుక్కుంటాడని, సాయంత్రం చెప్పులేసుకుని మెట్లు దిగితే ఆ తర్వాత బుర్ర మనదేనని. ఎంత వెర్రిబాగులదాన్నో! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వు పూర్తికాకుండానే ఒళ్లు మండుతుంది. వన్ టౌన్‌లో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు మీది మేడలో చిన్న అడ్వర్టైజింగ్ ఆఫీసు మాది. అక్కడ నేను బొమ్మలు గీసే అమ్మాయిని. కింద నుంచి ఉల్లి ఘాటు, పైన మా సార్ మాటలు. కళ్లల్లో నీళ్లు దేనికి తిరుగుతున్నాయో చెప్పడం కష్టంగా ఉండేది.

ఆయనకి మేం పెట్టుకున్న పేరు 'మనది సార్'. క్లయింటు మెచ్చుకుంటే "ఈ ఐడియా మనది" అని గుండె మీద చెయ్యేసుకునేవాడు. అదే క్లయింటు మొహం చిట్లిస్తే "ఇది నువ్వు చేసిందే కదమ్మా?" అని నా వైపు తిరిగేవాడు. చేరిన రోజు నాతో సంతకం పెట్టించుకున్న కాయితంలో, ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు తట్టిన ప్రతి ఆలోచనా కంపెనీ సొత్తేనని ఉందట. (నేను చదివితే కదా! మా ఇంటిల్లిపాదిలో మొదటి ఆఫీసు ఉద్యోగం. సంతకం పెట్టమన్నారు, ముగ్గేసినంత శ్రద్ధగా పెట్టాను.)

ఇక మా పెద్దమ్మ గురించి చెప్పాలి. అమ్మకి సొంత అక్క. జాలరిపేటలో ఉంటుంది, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులెంట చేపలమ్ముతుంది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది (ఆవిడ తిట్లు అంత వేడిగా రావడానికి అదే కారణమని మా నాన్న అనేవాడు). మా వైపు పెద్దవాళ్లలాగే పైట కుడిభుజం మీద వేస్తుంది. ఆదివారాలు నేను ఇంట్లో కూర్చుని, నెత్తిన తట్టతో సహా ఆవిడ బొమ్మ గీసి, కింద ఆవిడ మాటలే రాసేదాన్ని. "బేరమాడితే ఆడు, సేపని పిసక్కు." "ఇంటికెళ్లి మొగుడ్నడిగొత్తావా? సేప నీకోసం అందాకా సావకుండా ఉంతాదేటి?" అవి స్టిక్కర్లుగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మొదలై, పేటంతా తిరిగాయి. పెద్దమ్మ ఫోను చూపించి మరీ చేపలమ్మేది.

ఒకరోజు మనది సార్ నా భుజం మీంచి ఫోన్లోకి తొంగి చూసి, ఆ బొమ్మలు తనకీ పంపమన్నాడు. తర్వాతి వారం చేపల మసాలా కంపెనీవాళ్ల ముందు గోడ మీద మా పెద్దమ్మ ప్రత్యక్షమైంది. "ఈ కేరెక్టర్ మనది" అన్నాడాయన. వాళ్లు తెగ మెచ్చుకున్నారు. వాళ్లు వెళ్లాక నన్ను పిలిచి, "పైట తప్పు భుజం మీద గీశావేంటమ్మా? ఆ మాత్రం చూసుకోవద్దూ!" అన్నాడు. మా పెద్దవాళ్లు అలాగే వేస్తారని చెప్పబోయాను. "జనం నవ్వుతారు" అని, కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కి బొమ్మని అటుది ఇటు తిప్పేశాడు. పైట ఎడమకి వచ్చింది. చుట్ట కూడా తీసేయించాడు, ఆరోగ్యానికి మంచిది కాదని. అప్పుడు అసలు బాంబు వేశాడు.

"ఆ స్టిక్కర్లు తీసెయ్. ఇకమీదట ఆ కేరెక్టర్ బయట నువ్వు గియ్యకూడదు. గీస్తే ఉద్యోగం ఉండదు, పైగా కేసు కూడా."

"సార్, అది మా పెద్దమ్మండి."

"పెద్దమ్మ మీ ఇంట్లో ఉంటుంది. ఐడియా మన ఆఫీసులో ఉంటుంది."

నేనేమన్నానో తెలుసా? "సరే సార్" అన్నాను. ఉద్యోగం కావాలి మరి. ఆ 'సరే సార్' ఇప్పటికీ గొంతులో చేపముల్లే. ఇంటికెళ్లి స్టిక్కర్లు తీసేసి, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మ ముక్కు గీసి, వెంటనే చెరిపేశాను. నా పెద్దమ్మని నేను దొంగతనంగా గీసుకోవాలా? ఎంత అన్యాయం!

మర్నాడు పెద్దమ్మే అడిగింది. "ఏటే గుంటా, నా బొమ్మలేయి? గ్రూపులో ఒక్కటీ కనపడవేటి?" చెప్పాను. చుట్ట నోట్లోంచి తీసింది. ఆవిడ అలా తీసిందంటే ఎవడికో మూడిందన్నమాటే.

మరుసటి రోజు తట్ట ఖాళీ చేసుకుని, దాంతో సహా మా మేడ మెట్లెక్కి వచ్చింది. కానాగంత చేపల వాసన ఉల్లి ఘాటుని ఓడించి లోపలికొచ్చింది. తట్ట తెచ్చి సార్ టేబుల్ మీదే పెట్టింది.

"నన్ను కొనుక్కున్నది నువ్వేనా బాబూ?"

"ఎవరమ్మా మీరు?" అన్నాడు సార్, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ. పక్క గోడ మీదే ఆవిడ బొమ్మ, నిలువెత్తున!

"మా ఒడ్డున ఏలంపాటలో కుప్ప పాడుకున్నోడు కుప్పంతా ఎత్తాల. మంచి సేపలేరుకుని మిగతాయి ఒగ్గేత్తానంతే కుదర్దు. నన్ను పాడుకున్నావు గదా? నా మోకాలి నొప్పి నీదే. ఈ తట్ట నీదే. తాగొచ్చి గోల సేసే మా అల్లుడు కూడా నీవోడే. లెగు, ఎత్తుకో!"

ఆఫీసంతా కుర్చీల్లోంచి లేచి చుట్టూ చేరింది. సార్ చెమటలు తుడుచుకుంటూ "అమ్మా, ఇది లీగల్ మేటర్, బొమ్మ మాది" అంటూ గోడ వైపు చెయ్యి చూపించాడు. అప్పుడు చూసింది పెద్దమ్మ. దగ్గరికెళ్లి, తేరిపార చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇదెవుర్తి? ఎడంపైటేసుకుంది! సుట్ట లేదు! నాను కాదిది. ఈవిడెవురో మీ అమ్మగారై ఉంతాది, అట్టే పెట్టుకో నాయనా. కుడిపైటేసుకున్నది మాత్రం మా గుంటది. ఇంతమందిలో అడుగుతన్నాను, కుడిపైటది నీకు కావాలా, ఒద్దా?"

"అది తప్పు బొమ్మ, మాకెందుకు! వద్దు, వద్దు!" అన్నాడు సార్, తట్ట వంక భయంగా చూస్తూ.

"ఇన్నారు గదా అందరూ!" అని తట్టెత్తుకుని మెట్లు దిగిపోయింది. కాయితం మీదేం రాయించుకోలేదు. కానీ ఆ తర్వాత ఆయన నా బొమ్మల జోలికి మళ్లీ రాలేదు. కొన్నాళ్లకి నేనే ఆ మెట్లు దిగేశాను. ఇప్పుడు నా బొమ్మలు నావే, నా పేరుతోనే.

ఆ ఎడంపైట బొమ్మతో పెట్టిన మసాలా బోర్డు మాత్రం వన్ టౌన్‌లో ఇంకా ఉంది, రంగులు వెలిసిపోయి. మొన్న పెద్దమ్మా నేనూ ఆటోలో వెళ్తుంటే కనబడింది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. "దొంగ సచ్చినోడు!" అన్నాను, ఇన్నేళ్లకైనా. ఆ రోజు ఆ టేబుల్ పక్కన 'సరే సార్' అంటూ నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి, పిచ్చిదాన్ని చూసినట్టు నవ్వూ వచ్చింది. అప్పుడు అనాల్సినవన్నీ ఇప్పుడు, ఆటోలో, ఎంత చక్కగా తడుతున్నాయో!

పెద్దమ్మ మెడ తిప్పి, బోర్డు కనుమరుగయ్యేదాకా చూసింది.

"పోన్లేయే గుంటా, తిట్టకు. పాపం దాని నెత్తిన కూడా తట్టుంది. ఇన్నాళ్లబట్టి ఎండలో నిలబడింది, దించుకోమన్న నాథుడే లేడు."